తువ్వాల కింద చెయ్యి

మాది పాలవాళ్ల ఇల్లు. శాలిబండ పెద్ద రోడ్డు మీది నుంచి ఒక సందులోకి తిరిగితే ముందు బర్రెల కొట్టం, దాని వెనక రెండు గదుల్లో మేం. ఇంటికొచ్చిన చుట్టాలు ముందు బర్రెల బాగోగులు అడిగి తర్వాత మావి అడిగేవాళ్లు. మాకు అందులో తప్పేమీ కనిపించేది కాదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, అక్కలు అత్తగారిళ్లకు వెళ్లిపోయారు. నేను చెప్పే రోజుల్లో ఇంట్లో ఉన్నది నాన్న, అంటే మా బాపు, నేను, నా భార్య. రెండో ప్రపంచ లడాయి నడుస్తోంది. కిరసనాయిలు దొరికేది కాదు, తౌడు ధర వింటే మాకు కళ్లు తిరిగేవి.

కోడి కూయకముందే లేచి పాలు పిండేవాళ్లం. ఆ పాలు పత్తర్‌గట్టిలో ఒక మిఠాయి దుకాణానికీ, ఒక చాయ్ హోటలుకూ పోసి రావాలి. తర్వాత సైదాబాద్ వైపు తోటల నుంచి పచ్చిగడ్డి తేవాలి, పేడ ఎత్తాలి, కుడితి పెట్టాలి, పొద్దు వాలకముందే మళ్లీ పిండాలి. జ్వరం వచ్చినా, ఇంట్లో పెళ్లి జరిగినా, ఎవరైనా పోయినా పొదుగు ఆగదు. నేను ఉర్దూ బడిలో కొన్నాళ్లు చదువుకుని, తెలుగు ఒక పంతులు దగ్గర నేర్చుకుని, అంతటితో చదువు చాలనుకుని కొట్టంలోకి వచ్చేశాను. పని ఇష్టంగానే చేశాను. నా చేతులు గట్టివి, మొండి బర్రె కూడా నా చేతికి పాలు చేపేది. ఈ ఒక్క విషయంలో నాకు కొంచెం గర్వం ఉండేదని ఒప్పుకోవాలి.

బర్రెను కొనడం మాత్రం వేరే విద్య. ఊరి బయట వారానికోసారి అంగడి జరిగేది. అక్కడ ధర ఎవరూ నోటితో చెప్పరు. కొనేవాడూ, అమ్మేవాడి తరఫున దలాలూ ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు. మీద తువ్వాల కప్పుతారు. బేరమంతా ఆ తువ్వాల కింద వేళ్లతోనే. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. పంజా మొత్తం పడితే ఐదు. నోటితో మాత్రం వానల గురించీ, పిల్లల పెళ్లిళ్ల గురించీ మాట్లాడుకుంటూ ఉంటారు. చుట్టూ జనం మూగి చూస్తున్నా ఎంతకు తెగిందో ఎవరికీ అంతుపట్టదు. ఒకసారి చెయ్యి గట్టిగా నొక్కి ఖాయం చేశారంటే ఇక మాట తిరగదు. మాట తిప్పినవాడి చెయ్యి ఆ అంగడిలో మళ్లీ ఎవరూ పట్టుకోరు.

బాపు చెయ్యికి అంగడిలో పేరుంది. ఆయన నలభై ఏళ్లు పట్టిన చెయ్యి అది. నా పెళ్లయిన తర్వాత ఆయన వెనక్కి జరిగి నన్ను ముందుకు తోశాడు. "నా చెయ్యి ఇగ నీదే బిడ్డా" అన్నాడు. నేను ఆయన పరువు పోగొట్టకుండానే కొన్నేళ్లు నడిపించాను.

ఒక చలికాలం అంగడిలో రెండో ఈత బర్రె ఒకటి నచ్చింది. దలాల్ మాకు పాతకాలపు ఎరుక. తువ్వాల కప్పాడు, ఈసారి జొన్న బాగా పండిందని మొదలుపెట్టాడు. కింద వేళ్లు పట్టుకున్నాడు. రెండు పట్టుకున్నట్టు తోచింది. ఇంత తొందరగా దిగివచ్చాడేమిటా అని లోపల సంబరపడి, ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని చెయ్యి గట్టిగా నొక్కేశాను. దలాల్ ముఖం వెలిగిపోయింది. తువ్వాల తీసి భుజాన వేసుకుని నన్ను కావలించుకున్నాడు. కొన్నవాణ్ణి అమ్మినవాడు కావలించుకున్నాడంటేనే ఎక్కడో తేడా జరిగిందని అర్థం. బాపుకి అది అప్పుడే అర్థమైంది. ధర ఎంతకు తెగిందో దలాల్ చెవిలో చెప్పగానే ఆయన కళ్లు ఒక్కసారి మూసి తెరిచాడు. డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాడు.

బర్రెను తోలుకుంటూ ఇంటికి సగం దారి వచ్చాక అడిగాడు.

"తాగినవా?"

"లేదు బాపూ."

"మరి ఏంది? వాడు నాలుగు వేళ్లు పట్టిండంట. నీకు గంత తెలివి లేకపాయెనా?"

నాకు చెప్పక తప్పలేదు. అప్పటికి కొన్నాళ్లుగా కుడిచెయ్యి నాది కానట్టుగా ఉంది. పలచని గుడ్డ చుట్టి దాని మీది నుంచి ముట్టుకుంటున్నట్టు ఉండేది. చల్లటి చెంబు చల్లగా తగిలేది కాదు. పిండుతుంటే పట్టు జారి, బర్రె చిరాకుపడి కాలు ఆడించేది. చలికి అట్లా అయిందనుకున్నాను, అదే పోతుందనుకున్నాను.

ఇంటికొచ్చాక బాపు కాళ్లు కూడా కడుక్కోకుండా నన్ను కొట్టంలో ఒక అరుగు మీద కూర్చోబెట్టి తన తువ్వాల మా ఇద్దరి చేతుల మీద కప్పాడు.

"ఎన్ని?"

"రెండు."

"ఇప్పుడు?"

"ఒకటి... ఒకటే గద?"

ఆయన తువ్వాల తీశాడు. నా నాలుగు వేళ్లూ ఆయన గుప్పిట్లో ఉన్నాయి. ఇద్దరం వాటిని చూస్తూ కూర్చున్నాం. నన్ను తిట్టడానికి సిద్ధంగా పెట్టుకున్న మాటలన్నీ ఆయన అక్కడే మింగేశాడు. నాకు అప్పుడు భయమేసింది. ఆయన తిట్టకపోవడం వల్లే భయమేసింది.

మొదట మా గల్లీ చివర ఉండే హకీం సాబ్ దగ్గరికి వెళ్లాం. ఆయన నాడి పట్టి, ఇది ఫాలిజ్, అంటే పక్షవాతం, అప్పుడే మొదలవుతోంది, సర్దీ వల్ల వచ్చింది, ఒంట్లోకి వేడి ఎక్కించాలి అన్నాడు. అడవి పావురాన్ని కోసి ఆ వేడి నెత్తురు మోచేతి దాకా రాయమన్నాడు. గాలి తగలని గదిలో ఉంచి, కాల్చిన ఇటుకలు గుడ్డలో చుట్టి కాపడం పెట్టమన్నాడు. మా వైపు ఈ వైద్యం అందరికీ తెలిసిందే, అందుకే ఎవరూ ఎందుకని అడగలేదు. కిటికీకి గోనెపట్టా కొట్టారు. నెత్తురు ఎండి చర్మం బిగుసుకుపోయేది, కాపడానికి చెమటలు కారేవి. విచిత్రమేమిటంటే వేడి ఎక్కినకొద్దీ నా చెయ్యి ఇంకా మొద్దుబారేది. కాపడం పెట్టిన తర్వాత లేచి నిలబడితే కాళ్లు కూడా తేలిపోయేవి. అది చూసి, జబ్బు చాలా మొండిదని ఇంకో రెండు ఇటుకలు కాల్చేవాళ్లు. చివరికి నా భార్యకు తిక్క లేచింది. గోనెపట్టా పీకి అవతల పారేసి, "మనిషిని రొట్టె లెక్క కాలుస్తున్రు, ఇది వైద్యమా?" అని మామగారి ముందే అరిచింది. కోడలు మామ ముందు గొంతెత్తడం మా ఇంట్లో అదే మొదలు. బాపు తల వంచుకుని బయటికి వెళ్లాడు. మర్నాడు నన్ను మూసీ అవతల పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు.

అక్కడ విలాయత్‌లో చదివొచ్చిన డాక్టర్ ఒకాయన ఉండేవాడు. నెమ్మదస్తుడు, తొందర లేని మనిషి. మేం బర్రెను కొనేటప్పుడు పళ్లు చూసి, తోక లాగి, నాలుగడుగులు నడిపించి చూస్తాం; ఆయన నన్ను అట్లాగే చూశాడు. కళ్లు మూసుకోమని గుండుసూదితో గుచ్చి, గుచ్చానా లేదా అని అడిగాడు. మోకాలి మీద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగిరిపడింది. అరికాలు గీకితే బొటనవేలు పైకి లేచింది, అప్పుడు ఆయన ముఖం కొంచెం మారింది. మళ్లీ గీకి చూశాడు. బాపు అదంతా కళ్లార్పకుండా చూస్తున్నాడు. తర్వాత డాక్టర్ గొంతు తగ్గించి ఉర్దూలో, బజారు ఆడవాళ్ల దగ్గరికి పోయే అలవాటు ఉందా అని నన్ను అడిగాడు. నాకు నేల చీలిపోతే బాగుండుననిపించింది. నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు.

"సాబ్, వీనికి బర్ల కాడికెళ్లి తీరిక దొరికితె గద!"

డాక్టర్ నవ్వాడు గానీ నెత్తురు తీయించడం మానలేదు. సుఖరోగం ముదిరితే నరాలకు ఇట్లాగే వస్తుందట. వెన్నులోకి సూది గుచ్చి నీళ్లు కూడా తీశారు. దాని తర్వాత పట్టిన తలనొప్పి నా పగవాడికి కూడా వద్దు. ఆ పరీక్షల ఫలితం వచ్చేదాకా నా భార్య నాకు అన్నం పెట్టింది, నీళ్లు ఇచ్చింది, మాట మాత్రం ఇవ్వలేదు. కంచం కొంచెం గట్టిగానే పెట్టేది. అందులో ఏమీ లేదని తేలిన రోజు చారులో పోపు ఘుమఘుమలాడింది.

డాక్టర్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇది మెదడులో గడ్డ కావచ్చు, వెన్నెముకలో ఏదైనా కావచ్చు. లేదా నరాలకు వచ్చే ఒక జబ్బు ఉంది, ఈ దేశంలో చాలా అరుదు, తను విలాయత్‌లోనే చూశాడు. అది ఒకచోట వచ్చి తగ్గిపోతుంది. తర్వాత ఎప్పుడో ఇంకోచోట వస్తుంది. చాలామందికి కంటికి వస్తుంది. ఒక్కసారి వచ్చినదాన్ని చూసి ఇది అదే అని ఏ డాక్టరూ చెప్పలేడు. కంట్లో ఏమాత్రం తేడా వచ్చినా వెంటనే రమ్మన్నాడు.

"ఎన్ని రోజులు చూడాలె సాబ్?" అని బాపు అడిగాడు.

నెలలు కావచ్చు, ఏళ్లు కావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా, సబర్ పట్టండి, ఓపిక కావాలి అన్నాడాయన. నయాపూల్ వంతెన దాటేదాకా బాపు సబర్ పట్టాడు. ఆ తర్వాత పట్టలేకపోయాడు.

"అంటె మళ్ల వస్తెనే చెప్తడన్నట్టు! ఇల్లు కాలినంక అది మంటనే అని చెప్పెటోని దగ్గరికి పోతె ఏం ఫాయిదా?"

"ఆయన తెల్వదన్నది తెల్వదనే చెప్పిండు బాపూ."

"తెల్వదని చెప్పనీకి గంత దూరం పోయి చదవాల్నా? గా ముక్క నేను గీడనే చెప్తుంటి."

ఎండలు ముదరకముందే చెయ్యి దానంతట అదే నెమ్మదిగా తిరిగి వచ్చింది. పూర్తిగా కాదు, చిటికెన వేలూ, ఉంగరం వేలూ మొద్దుగానే ఉండిపోయాయి. తగ్గించిన పుణ్యం కోసం మాత్రం పెద్ద పోటీ జరిగింది. హకీం సాబ్ పావురాలదన్నాడు. పక్కింటి బీబీ దర్గా నుంచి తెచ్చి కట్టిన తాయెత్తుదంది. మా అత్త మైసమ్మకు మొక్కిన మొక్కుదంది. ఎవరినీ నొప్పించకుండా అందరికీ తలా కాస్త పంచాం. నేను మళ్లీ చెంబు పట్టుకుని పొదుగు కింద కూర్చున్నాను.

ఎదురుచూడటం అప్పటి నుంచే మొదలైంది. జబ్బుతో పడుకుంటే పడుకున్నామని ఉంటుంది. ఇది అట్లా కాదు. పాలు పిండేవాడు గొంతుక్కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కడం రోజూ ఉండేదే, మా తాతకూ ఎక్కింది. నాకు మాత్రం తిమ్మిరెక్కితే అదే మళ్లీ వచ్చిందనిపించేది. రాయి తగిలి తూలితే, రాయి వల్ల తూలానా, నా వల్ల తూలానా అని వెనక్కి వెళ్లి ఆ రాయిని చూసి వచ్చేవాణ్ణి. చెయ్యి మీద పడుకుని లేస్తే ఆ చెయ్యికి ప్రాణం వచ్చేదాకా ఊపిరి బిగపట్టుకునేవాణ్ణి. పొద్దున లేవగానే ఒక కన్ను మూసి దూలాన్ని చూడటం, ఇంకో కన్ను మూసి మళ్లీ చూడటం. నా భార్య నా కళ్లలోకి చూసేది. బాపు చూసేవాడు. చాయ్ హోటలు యజమాని కూడా పాలు పోయించుకుంటూ నా కళ్లలోకే చూసేవాడు. పెళ్లయిన కొత్తలో కూడా నా కళ్లలోకి ఇంతమంది చూడలేదు.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. మా ఇంట్లో కథ తలకిందులైంది. జబ్బనే కొడుకు పుట్టాడు, ఇల్లంతా తిరుగుతున్నాడు, పేరు మాత్రం లేదు. కలరా అంటే జనం జాలిపడతారు, క్షయ అంటే దూరం జరుగుతారు. పేరు లేని జబ్బుకు ఆ రెండూ ఉండవు. మొదట్లో "ఏమైందన్నా, డాక్టర్ ఏమన్నడు?" అని అడిగినవాళ్లే తర్వాత ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉందని నా వెనక నవ్వారు. నవ్వినవాళ్ల మీద కోపం వచ్చేది. ఫికర్ చెయ్యకు భాయ్, అదే పోతది అని భుజం తట్టినవాళ్ల మీద ఇంకా ఎక్కువ కోపం వచ్చేది. అన్నిటికంటే ఎక్కువగా అలసట ఉండేది. మూట మోసి వచ్చిన అలసటైతే పడుకుంటే తీరుతుంది. పొద్దున లేస్తూనే ఒంటి మీద ఉండే ఈ అలసట జబ్బుదో, కాచుకుని కూర్చోవడం వల్ల వచ్చిందో నాకు తెలిసేది కాదు.

ఈ మధ్యలో బాపు ఒక అలవాటు చేసుకున్నాడు. పొద్దున పాలు పిండటం కాగానే నన్ను అరుగు మీద కూర్చోబెట్టి తువ్వాల కప్పేవాడు. డాక్టర్ సూదికంటే అంగడి వేళ్ల మీదే ఆయనకు నమ్మకం. "ఎన్ని?" అనేవాడు. నేను "ఐదు" అనేవాణ్ణి. "షాబాష్!" అని తువ్వాల దులిపి లేచేవాడు. ఆ ఒక్క మాటతో ఆయన రోజంతా హుషారుగా తిరిగేవాడు. కొన్ని నెలలు గడిచాక నాకు తట్టింది, ఆయన ఎప్పుడూ ఐదే పడుతున్నాడని. పంజా మొత్తం పట్టుకుంటే ఎంత మొద్దుబారిన చెయ్యికైనా తెలుస్తుంది. రెండో, మూడో పట్టి చూడటానికి ఆయనకు ధైర్యం చాలలేదు. నాకు తెలిసిన సంగతి ఆయనకు చెప్పలేదు. రోజూ ఐదు అంటూనే ఉన్నాను, ఆయన షాబాష్ అంటూనే ఉన్నాడు. అంగడి బేరాలు మాత్రం మళ్లీ ఆయనే చేసుకున్నాడు.

బేరాలే కాదు. గట్టి చన్నుల బర్రెలన్నీ ఒక్కొక్కటే ఆయన వైపు కట్టుగొయ్యలకు మారాయి. ఒకరోజు వచ్చి చూస్తే అది అక్కడ కట్టి ఉండేది, అంతే. నా వైపు మెత్తని పొదుగులవి రెండు మిగిలాయి. ఆయన వేళ్ల కణుపులు ఉబ్బి ఉండేవి. సాయంత్రం నువ్వుల నూనె రాసుకుంటూ, నేను వస్తుంటే గిన్నెను కాలితో మంచం కిందికి తోసేవాడు. నేను చూసేవాణ్ణి. నాకోసం ఈ కొట్టాన్ని లాక్కొస్తున్నాడు, నా చెయ్యి బాగుపడితే అప్పగిద్దామని ఆశపడుతున్నాడు అనుకునేవాణ్ణి. ఆ ఆశ నా చేతులతో తెంపడం నా వల్ల కాలేదు. పట్టు లేని రోజుల్లో కూడా చెంబు పట్టుకుని కూర్చునేవాణ్ణి.

నా భార్య ఇదంతా చూసి విసిగిపోయింది. ఒక మధ్యాహ్నం పేడ పిడకలు కొడుతూ అంది.

"బర్లను అమ్ముదామని బాపుతోని చెప్పరాదు? కూసుండి చేసే కొలువు ఏదన్న చూసుకుందువు. నాలుగక్షరాలు వస్తయి గద."

"ఆయన పానమే అవి. అవి పోతె ఆయన బతుకడు."

"ఆయనను అడిగినవా?"

"అడుగుడేంది? కనిపిస్తలేదా?"

"ఏమో. మీ తండ్రి కొడుకులకు కనిపించేది నాకు కనిపిస్తలేదు" అని పిడక గోడకు గట్టిగా కొట్టింది.

నేను డాక్టర్ మాట కోసం ఆగాను. ఆయన ఏదో ఒకటి తేల్చి చెబితే నేను అమ్ముదామనవచ్చు, లేదా నిలబడదామనవచ్చు. తేలకుండా ఏం చెప్పను? ఆరు నెలలకోసారి దవాఖానకు వెళితే ఆయన సూదులు గుచ్చి, కంట్లో దీపం వేసి, ఇంకా ఏమీ లేదు, మంచిదే అనేవాడు. ఆ మంచిదే అన్న మాట విని బయటికి వస్తుంటే నాకు ఏడుపొచ్చేది. రావాలనీ లేదు, రాకుండా ఉంటే ఓర్పూ లేదు. కుడితిలో పడ్డ ఎలుక సంగతి కొట్టంలో పుట్టినవాణ్ణి నాకు వేరే చెప్పనక్కర్లేదు.

అట్లా రెండేళ్లు దాటాయి. ఒక ఎండాకాలం, మధ్యాహ్నం గడ్డి మోసుకొచ్చి దించాను. నా భార్య తలకు పోసుకుని, వాకిట్లో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. కుడికన్ను రెండు రోజులుగా కదిలిస్తే లోపల నొప్పిగా ఉంది, ఎండ దెబ్బ అనుకుంటున్నాను. ఎడమకంట్లో ఏదో గడ్డిపోచ పడి అది నలుపుకుంటూ ఆమెను చూశాను.

"బొట్టు పెట్టుకోలేదా సక్కగ? గట్ల ఎలిసిపోయిందేంది?" అన్నాను.

ఆమె చెయ్యి నుదుటి దగ్గరికి వెళ్లి ఆగింది. "ఇప్పుడే పెట్టుకున్న" అంది.

నేను ఎడమకంటి మీది నుంచి చెయ్యి తీశాను. బొట్టు ఎర్రగా, తడితడిగా, కొత్తగా ఉంది. ఆ కన్ను మళ్లీ మూశాను. వానకు వెలిసిన ఇటుకపొడి రంగులోకి మారిపోయింది. తెరిచాను, మూశాను. ఆమె నన్ను చూస్తూ కదలకుండా కూర్చుంది. ఆమెకు అర్థమైంది. నేను నిజం చెబుతాను: నాకు ముందు కలిగింది భయం కాదు. హమ్మయ్య అనిపించింది. వచ్చేసింది, ఇక వస్తుందేమోనని చూడక్కర్లేదు అనిపించింది. ఆ హమ్మయ్య నా ముఖంలో కనిపించినట్టుంది, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పిండటం కాగానే బాపు, నేను దవాఖానకు వెళ్లాం. డాక్టర్ నన్ను చీకటి గదిలో కూర్చోబెట్టి కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. ఇంకో డాక్టర్‌ను పిలిచి చూపించాడు. ఎర్ర దారం ఉండను ఒక కంటికీ, ఇంకో కంటికీ చూపించి రంగు అడిగాడు. తర్వాత బయటికొచ్చి కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇక సందేహం లేదన్నాడు. ఇంగ్లీషులో పొడుగాటి పేరు చెప్పాడు. ఇప్పుడు దాన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటున్నారు, అప్పుడు వేరేలా అనేవాళ్లు. కన్ను కొంతవరకు తిరిగి రావచ్చు, చెయ్యి వచ్చినట్టే. మళ్లీ ఎప్పుడో ఎక్కడో వస్తుంది. ప్రాణానికి వెంటనే వచ్చిన ముప్పు లేదు. వేడికి దూరంగా, ఒంటిని అలవనీయకుండా ఉండాలి.

"దవా సాబ్?" అన్నాడు బాపు.

లేదు అన్నాడు డాక్టర్. కొందరు సూదిమందులు ఇస్తున్నారు గానీ తనకు నమ్మకం లేదన్నాడు. బాపు చేతులు జోడించి లేచాడు. ఇంతకుముందు ఏ రోజూ ఆయనకు అంత మర్యాదగా దండం పెట్టలేదు.

దవాఖానలో పొద్దు చాలా గడిచింది. నయాపూల్ వంతెన మీదికి వచ్చేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. నేను పిట్టగోడ పట్టుకుని నెమ్మదిగా నడుస్తున్నాను. బాపు నా వెనక ఉన్నాడు, ఎప్పటిలాగే నేను తూలితే పట్టుకోవడానికి. కొంతసేపటికి ఆయన అడుగుల చప్పుడు వినిపించలేదు. తిరిగి చూస్తే ఆయన గోడ వారన నేల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది బాపూ?"

"ఏం కాలే. నడువలేను బిడ్డా. జరసేపు కూసుంట."

నా వయసంతటిలో ఆయన నడవలేనని అనగా వినలేదు. పక్కన కూర్చున్నాను. ఆయన తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటిని చూసుకుంటున్నాడు. వేళ్లు వంకర పోయి, పూర్తిగా చాపుకోవడానికి రావడం లేదు.

"ఇవి ఎప్పటిసందో పని చేస్త లేవు" అన్నాడు. "నువ్వు పండుకున్న చలికాలం సందే. నేను బర్లను అమ్ముత అంటె నీ పని అయిపోయిందని నేనే చెప్పినట్టు అయితదని ఊకున్న. డాక్టర్ ఏదన్న ఒకటి చెప్పనీ, అప్పుడు చూద్దామనుకున్న."

నాకు ఒళ్లు మండిపోయింది. అది బాధ అని తర్వాత తెలిసింది, అప్పుడు మాత్రం కోపమే.

"ముందే చెప్పొద్దా? నేను నీ కోసమే ఆగిన! అవి పోతె నువ్వు బతుకవని, చెయ్యి రాకున్న చెంబు పట్టుకోని కూసున్న!"

వంతెన మీద పోతున్న ఝట్కావాలా గుర్రాన్ని నెమ్మది చేసి మా లొల్లి చూశాడు.

"నాకోసమా?" అన్నాడు బాపు.

"మరి ఎవరికోసం?"

ఆయన నన్ను చూశాడు. నవ్వుతాడో ఏడుస్తాడో తెలియని ముఖం. రెండూ చెయ్యలేదు. "పిచ్చోడా" అన్నాడు, ఎవరినన్నాడో చెప్పలేదు. తర్వాత అలవాటుకొద్దీ ఆకాశం వైపు చూశాడు.

"లెవ్వు. పిండే యాళ్ల దాటిపోతుంది. కోడలు ఒక్కతి ఎన్నిటిని పిండుతది?"

"దాటిపోనీ బాపూ."

లేవడానికి గోడ మీద వేసిన చెయ్యి ఆయన అట్లాగే ఉంచి కొంచెంసేపు ఆలోచించాడు. తర్వాత దాన్ని తీసి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. తలపాగా విప్పి పక్కన పెట్టి, వీపు గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. నేనూ ఆనుకున్నాను. దీపాలు పెట్టేవేళ దాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. మా కొట్టం పుట్టిన తర్వాత, బర్రెలు మా కోసం ఎదురుచూసిన సాయంత్రం అదొక్కటే.